తుంటి విరిగితే రాడ్డా, ప్లేటా, బంతి మార్పిడా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో తుంటి ఎముక గురించినవే ఎక్కువ. ఐదింటికి జవాబు రాస్తున్నాను. మొదటి జవాబు పెద్దది. మిగతా చాలామంది అడిగినదానికీ సమాధానం అందులోనే ఉంది.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 79 ఏళ్లు. బాత్‌రూమ్‌లో కాలు జారి పడింది. తుంటి విరిగింది, రాడ్ వేస్తామంటున్నారు. పోయినేడాది మా అత్తగారికి ఇలాగే విరిగితే బంతి మార్చారు. నాలుగో రోజుకే వాకర్‌తో నడిచింది. అమ్మకు అదెందుకు చేయరని అడిగితే ‘ఇది ఆ ఫ్రాక్చర్ కాదమ్మా’ అని వెళ్లిపోయారు. మా అన్నయ్య ఇంతకంటే మంచి ఇంప్లాంట్ ఉంటుంది, తెప్పించేదాకా నాలుగైదు రోజులు ఆగుదాం అంటున్నాడు. ఎక్స్‌రే ఫొటో పంపిస్తున్నాను. ఏది మంచిదో చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు మీ అన్నయ్యగారి మాట సంగతి. ఆగొద్దు. ఈ జవాబు మీకు చేరేసరికి ఆపరేషన్ అయిపోయి ఉండాలనే కోరుకుంటున్నాను. మంచి వస్తువు కోసం ఆగుదాం అనడంలో ఆయనకు అమ్మ మీదున్న ప్రేమ తెలుస్తూనే ఉంది. కానీ తుంటి విరిగి మంచాన పడ్డ పెద్దవాళ్లకు రోజు గడిచేకొద్దీ చేటే. కదిలితే నొప్పి. కదలకపోతే ఊపిరితిత్తుల్లో నెమ్ము, నడుము దగ్గర పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు. చేరిన రోజున గానీ మర్నాడు గానీ ఆపరేషన్ చేయాలని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2011లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2020లో ‘హిప్ అటాక్’ అని 2,970 మందితో చేసిన అధ్యయనం వచ్చింది. నిర్ధారణ అయ్యాక సుమారు ఆరు గంటల్లో ఆపరేషన్ చేసినవాళ్లనూ, ఒక రోజుకు చేసినవాళ్లనూ పోల్చి చూశారు. మరణాల్లో తేడా తేలలేదు. కానీ త్వరగా చేసినవాళ్లలో మతి తప్పి మాట్లాడడం తగ్గింది, వాళ్లు ముందుగా లేచి నిలబడ్డారు. కాబట్టి కొన్ని గంటలు అటూ ఇటూ అయితే కంగారు పడకండి. నాలుగైదు రోజులంటే మాత్రం ఒప్పుకోకండి. గుండె పరిస్థితి చూడాలనో, రక్తం పలచబడే మందు ప్రభావం తగ్గాలనో డాక్టర్లే ఆగమంటే అది వేరు. వస్తువు కోసం ఆగడం వేరు.

ఇక అసలు సంగతి. ‘తుంటి విరిగింది’ అని అందరం ఒకే మాట అంటాం గానీ, ఆ మాట కింద రెండు వేర్వేరు సమస్యలున్నాయి. తొడ ఎముక పై కొసన బంతి ఉంటుంది. దాని కింద మెడ. మెడ మొదట్లో రెండు గుబ్బలు. తుంటి పక్కన చెయ్యి వేస్తే గట్టిగా తగిలేది పెద్ద గుబ్బ, లోపలి వైపున్నది చిన్నది. బంతికి రక్తం ఎక్కువగా మెడను అంటిపెట్టుకుని పాకే సన్నని నాళాల్లోంచి అందుతుంది. మెడ విరిగి ముక్క పక్కకు జరిగితే ఆ నాళాలు తెగిపోవచ్చు. అప్పుడు బంతికి ప్రాణం ఉండదు. స్క్రూలు ఎంత బాగా బిగించినా అతకకపోవచ్చు, అతికినా ఏడాది రెండేళ్లకు బంతి కుంగిపోవచ్చు. పెద్ద వయసులో ఆ పందెం కాయలేం. అందుకే విరిగిన బంతి తీసేసి లోహపుది పెడతాం. మీ అత్తగారికి జరిగింది అదే.

మీ అమ్మగారిది అలా కాదు. ఫొటో చూసి వైద్యం చెప్పడం నాకు ఇష్టం ఉండదు, కానీ ఇందులో గీత స్పష్టంగా ఉంది. పెద్ద గుబ్బ నుంచి ఏటవాలుగా చిన్న గుబ్బ దాకా దిగింది, చిన్న గుబ్బ విడి ముక్కై పక్కకు జరిగింది. మెడ, బంతి చెక్కుచెదరలేదు. ఈ చోట ఎముక స్పంజిలా ఉంటుంది, చుట్టూ కండ, రక్తానికి కొదవ లేదు. నిజానికి ఏమీ చేయకపోయినా చాలావరకు అతుకుతుంది. కాకపోతే వంకరగా, కాలు పొట్టిగా, నెలల తరబడి మంచం పట్టాక అతుకుతుంది. అంటే ఇక్కడ అతకడం గురించి బెంగ లేదు, అతికేదాకా సరైన చోట నిలబెట్టాలి. ప్రాణమున్న బంతిని తీసి పారేయడం ఎందుకు? పైగా కొత్త బంతికి కింద ఎముక బోలులోకి దిగే కాడ ఉంటుంది, దానికి ఊతమివ్వాల్సిన ఎముకే ముక్కలై ఉంది. మీ డాక్టరుగారు అన్నది సరైన మాటే, కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది.

గుబ్బల దగ్గర విరిగినప్పుడు నిలబెట్టడానికి రెండు పద్ధతులు. ఒకటి డీహెచ్ఎస్, అంటే డైనమిక్ హిప్ స్క్రూ. బంతిలోకి లావుపాటి స్క్రూ, తొడ పక్కన ప్లేటు. ప్లేటు గొట్టంలో స్క్రూ జారుతుంది. అడుగు వేసినప్పుడల్లా ముక్కలు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ దగ్గరవుతాయి. ఆ జారుడే దాని బలం. రెండోది నెయిల్, మీరు రాడ్ అంటున్నది. అది ఎముక బోలులోకి దిగుతుంది. బరువు దిగే దారికి దగ్గరగా ఉంటుంది గనక దాన్ని వంచే ఒత్తిడి తక్కువ. రెండు ముక్కలుగా శుభ్రంగా విరిగితే డీహెచ్ఎస్‌కు వంక పెట్టలేం. గుబ్బల కింద తొడలోకి దిగితే, లేదా గీత ఏటవాలు ఎదురు దిక్కుకు తిరిగి ఉంటే నెయిలే. ఆ రెండింట్లో డీహెచ్ఎస్ జారుడు ముక్కలను దగ్గర చేయదు, తొడ ఎముకే లోపలివైపు జారిపోతుంది.

ఈ రెంటికీ మధ్యనున్నవాటి దగ్గరే మా వాళ్లలో వాదన. మీ అమ్మగారిది ఆ మధ్యలోదే. నైస్ వాళ్లు ఇలాంటివాటికి డీహెచ్ఎస్ చాలన్నారు. నేనైతే ఎముక బయటి గోడ చూస్తాను. డీహెచ్ఎస్ కోసం తొలిచే పెద్ద రంధ్రం ఆ గోడలోనే పడుతుంది. గోడ పలచగా ఉంటే తొలిచేటప్పుడే బీట తీస్తుంది, ఇక జారుడుకు అడ్డుకట్ట ఉండదు. డెన్మార్క్‌లో హెన్రిక్ పామ్ బృందం డీహెచ్ఎస్ వేసిన 214 మందిని పరిశీలించి 2007లో ప్రచురించింది. ఆ గోడ నిలిచినవాళ్లలో ఆరు నెలల్లో మళ్లీ ఆపరేషన్ అవసరమైంది 3 శాతానికి. గోడ విరిగినవాళ్లలో 22 శాతానికి. మీరు పంపిన ఫొటోలో ఆ గోడ పలచగానే కనబడుతోంది. నేనైనా రాడ్డే వేసేవాణ్ని.

ఇంతవరకు ఏది వేయాలి అన్నది. దానికంటే ముఖ్యమైనది ఎక్కడ వేశారు అన్నది. ఇది నేను చేసి నేర్చుకున్న సంగతి, దాచకుండా చెబుతాను. సొంతంగా ఆపరేషన్లు మొదలుపెట్టిన కొత్తలో ఓ పెద్దావిడకు డీహెచ్ఎస్ వేశాను. వస్తువు మేలైనదే. ఎక్స్‌రే తెర మీద చూస్తూ బంతిలోకి సన్నని తీగ పంపాను. దాని వెంటే స్క్రూ వెళ్తుంది. తీగ బంతి నడిమధ్య కాకుండా కాస్త పైకి నిలిచింది. వెనక్కి తీసి మళ్లీ వేద్దామా అనిపించింది. గుల్లబారిన ఎముక, రెండోసారి తొలిస్తే ఉన్న పట్టు పోతుందేమో అనుకున్నాను. పరవాలేదులే అని స్క్రూ బిగించేశాను. ఐదు వారాలకు ఆవిడను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. స్క్రూ మొన బంతిని చీల్చుకుని పైకి పొడుచుకు వచ్చింది. ‘నేనేమన్నా తప్పుగా నడిచానా బాబూ?’ అని అడిగింది. ‘కాదమ్మా, తప్పు నాది’ అని చెప్పాను. ఆ స్క్రూ తీసి కీలు మార్చాల్సి వచ్చింది.

తరవాత 1995లో అమెరికాలో మైకేల్ బామ్‌గార్ట్‌నర్ బృందం దీనికో కొలత ఇచ్చింది. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలోనూ, పక్క నుంచి తీసిన దాంట్లోనూ స్క్రూ మొన నుంచి బంతి శిఖరం దాకా దూరం కొలిచి, సైజు తేడా సరిచేసి, రెండూ కలపాలి. మొత్తం 25 మిల్లీమీటర్లు దాటకూడదు. వాళ్ల లెక్కలో ఆ హద్దులో ఉన్న 120 స్క్రూల్లో ఒక్కటీ బంతిని చీల్చుకు రాలేదు. నేను ఆ పెద్దావిడ పాత ఎక్స్‌రేలు తీసి స్కేలు పెట్టి కొలిచాను. 38 వచ్చింది. అప్పటి నుంచి తీగ సరిగ్గా కుదరకపోతే థియేటర్‌లో ఎవరు ఎంత తొందరపెట్టినా వెనక్కి తీసి మళ్లీ వేస్తాను.

కనుక మీరు డాక్టరుగారిని కంపెనీ పేరు అడగకండి. ‘విరిగింది మెడ దగ్గరా, గుబ్బల దగ్గరా? ముక్కలు నిలకడగా ఉన్నాయా? కాలు కాస్త లాగి, లోపలికి తిప్పి ఎక్స్‌రే తీశారా?’ అని అడగండి. కాలు బయటికి తిరిగిపోయినప్పుడు తీసిన దాంట్లో మెడ సరిగ్గా కనబడదు. ఆపరేషన్ అయ్యాక రెండు వైపుల ఎక్స్‌రేలూ చూపించమనండి, స్క్రూ బంతి మధ్యలో ఉందో లేదో మీ కంటికే తెలుస్తుంది. ‘రేపటి నుంచి కాలు మీద బరువు పెట్టొచ్చా?’ అని కూడా అడగండి. రాడ్ బాగా కుదిరితే మీ అమ్మగారూ మర్నాడే వాకర్ పట్టుకుని నిలబడగలగాలి.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. బండి మీంచి పడితే తుంటి ఎముక మెడ విరిగింది. మూడు స్క్రూలు వేశారు. నాలుగు నెలలైంది. తొడ పక్కన చర్మం కింద ఏదో గట్టిగా తగులుతోంది, ఆ వైపు పడుకుంటే నొప్పి. స్క్రూ ఊడి బయటికొస్తోందా? నాకు సిగరెట్ అలవాటుంది. మూడు స్క్రూల బదులు ప్లేటు వేసి ఉంటే బాగుండేదా?

జవాబు: బాబూ, చేతికి తగిలేది స్క్రూ తలే. మెడ అతుక్కునే క్రమంలో కాస్త కుదించుకుంటుంది. స్క్రూ పొడవు మారదు గనక ఆ మేరకు బయటికి జరుగుతుంది. చాలామందిలో జరిగేదే. ఊడిపోవడం కాదు. కానీ ఎంత జరిగిందన్నది చూడాలి. ఆపరేషన్ మర్నాటి ఎక్స్‌రే, ఇప్పటిది పక్కపక్కన పెట్టి చూడమనండి. జరగడం ఆగి, ఎముక అతికితే నొప్పి పెట్టే స్క్రూను తరవాత తీయించుకోవచ్చు. నెలనెలా జరుగుతూనే ఉంటే, లేదా నొప్పి తొడ పక్క నుంచి గజ్జలోకి మారితే వెంటనే వెళ్లండి. గజ్జలో నొప్పి అంటే బంతి సంగతి. బంతి దెబ్బతినడం రెండేళ్ల లోపు ఎప్పుడైనా బయటపడవచ్చు. నడుస్తున్నాను కదా అని ఎక్స్‌రేలు మానకండి.

స్క్రూలా, ప్లేటా అన్నదానికి 2017లో ‘ఫెయిత్’ అనే అధ్యయనం వచ్చింది. యాభై దాటిన 1,108 మంది. రెండేళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమైంది డీహెచ్ఎస్ రకం వేసినవాళ్లలో 20 శాతానికి, స్క్రూలు వేసినవాళ్లలో 22 శాతానికి. మొత్తంగా తేడా లేనట్టే. పొగతాగేవాళ్లలోనూ, ముక్క జరిగినవాళ్లలోనూ, మెడ మొదట్లో విరిగినవాళ్లలోనూ మాత్రం డీహెచ్ఎస్ కొంత మెరుగ్గా కనబడింది. మీ డాక్టరు తప్పు చేశారని దీనికి అర్థం కాదు. మీ విషయంలో సిగరెట్ లెక్కలోకి వస్తుందని అర్థం. పొగ ఎముకకు అందే రక్తాన్ని తగ్గిస్తుంది. బంతికి వెళ్లేదే సన్నని నాళాల్లో. మూడు స్క్రూలనూ ఇప్పుడు మార్చలేం. సిగరెట్ ఇవాళే ఆపగలరు. మీ చేతిలో ఉన్నది అదొక్కటే గనక గట్టిగా అడుగుతున్నాను, ఆపేయండి.

ప్రశ్న: మా నాన్నగారికి 68. రోజూ గంట నడిచే మనిషి. తుంటి ఎముక మెడ విరిగి పక్కకు జరిగింది. సగం కీలు మారిస్తే చాలని ఒకరు, మొత్తం మార్చాలని ఒకరు అంటున్నారు. సిమెంటు వాడితే ప్రాణానికే ముప్పని మరొకరు భయపెట్టారు.

జవాబు: సగం అంటే బంతి మాత్రమే మార్చడం. మొత్తం అంటే బంతి, అది తిరిగే గిన్నె రెండూ. 2019లో ‘హెల్త్’ అనే అధ్యయనం 1,495 మందిని రెండేళ్లు చూసింది. మళ్లీ ఆపరేషన్ అవసరమైంది మొత్తం మార్చినవాళ్లలో 7.9 శాతానికి, సగం మార్చినవాళ్లలో 8.3 శాతానికి. నడకలో, నొప్పిలో మొత్తం మార్పిడి కొద్దిగా మేలు, ఆ కొద్ది అందరికీ తెలిసేంత కాదు. పైగా మొత్తం మార్చినప్పుడు కీలు జారే అవకాశం కొంత ఎక్కువ. ఇంట్లోనే తిరిగే ఎనభై ఏళ్ల మనిషికి నేను సగమే చేస్తాను. మీ నాన్నగారిలా గంట నడిచేవారికి, మతి చురుగ్గా ఉండి జాగ్రత్తలు పాటించగలవారికి మొత్తం వైపే మొగ్గుతాను. సగమే మారిస్తే ముందున్న పదిహేనేళ్ల నడకలో సొంత గిన్నె అరుగుతుంది, రెండేళ్ల అధ్యయనంలో ఆ అరుగుదల కనబడదు.

సిమెంటు సంగతి. కొత్త బంతి కాడను ఎముకలో కదలకుండా పట్టే ఇది ఇళ్లు కట్టేది కాదు, యాక్రిలిక్ అనే ప్లాస్టిక్ రకం. పొడి, ద్రవం కలిపితే ముందు జిగురుగా ఉంటుంది. కాసేపటికి గ్లవుజుకు అంటడం మానేస్తుంది. వేలు పెట్టి చూసి, అంటకపోతే సరిగ్గా అప్పుడే ఎముక బోలులోకి ఎక్కిస్తాం. నిమిషాల్లో వేడెక్కి రాయవుతుంది. ముప్పు ఉన్నది ఆ ఎక్కించే కొద్ది నిమిషాల్లోనే. ఒత్తిడికి బోలులోని కొవ్వు రక్తంలోకి వెళ్లి బీపీ పడిపోవచ్చు. అరుదే గానీ నిజం. అందుకే బోలును నీళ్లతో బాగా కడుగుతాం, ఎక్కించే ముందు ‘సిమెంటు వస్తోంది’ అని మత్తు డాక్టరుకు గట్టిగా చెబుతాం, వారు సిద్ధంగా ఉంటారు. సిమెంటు లేకుండా కొడితే మరో ముప్పు ఉంది. గుల్ల ఎముకలోకి కాడను బిగుతుగా దిగ్గొట్టాలి, ఎముక బీటలు వారుతుంది. సగం కీలు మార్చిన 1,225 మందితో బ్రిటన్‌లో చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. కాడ చుట్టూ ఎముక విరగడం సిమెంటు వాడినవాళ్లలో 0.5 శాతం, వాడనివాళ్లలో 2.1 శాతం. జీవన నాణ్యత కూడా సిమెంటు వైపే మెరుగు. గుండె, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవారి విషయంలో ఆలోచిస్తాను. మిగతావారికి సిమెంటే నా ఎంపిక. ఇంకొక్క మాట, ఆస్టిన్ మూర్ అనే పాత రకం బంతి పేరు చెబితే, పరీక్షకు నిలిచిన కొత్త కాడలు ఉన్నాయా అని అడగండి. దాని బదులు అవే వాడమని నైస్ 2011లో చెప్పింది.

ప్రశ్న: టైటానియం మంచిదా, స్టీలా? లోపల లోహం ఉంటే ఎంఆర్ఐ తీయొచ్చా? విమానాశ్రయంలో మోగుతుందా?

జవాబు: రెండూ మంచివే. టైటానియం గట్టిదనం స్టీలులో సుమారు సగం, అందుకే కాస్త వంగుతుంది. ఎముక అతకకపోతే రెండూ విరుగుతాయి, తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టు. ఎంఆర్ఐ సాధారణంగా తీయొచ్చు, లోహం చుట్టూ బొమ్మ చెదురుతుంది, టైటానియంతో తక్కువ చెదురుతుంది. ముందుగా చెప్పాలి. ద్వారం దగ్గర మోగవచ్చు, ఆపరేషన్ కాగితం చూపిస్తే సరిపోతుంది. ఇంప్లాంట్ డబ్బా మీద పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న చిన్న స్టిక్కర్లు ఉంటాయి. వాటిని కేస్ షీటులో అంటిస్తారు. దాని నకలు అడిగి తీసుకుని దాచుకోండి. పదేళ్ల తరవాత ఆ స్క్రూ తీయాల్సి వస్తే ఏ సైజు స్క్రూడ్రైవర్ కావాలో అందులోంచే తెలుస్తుంది. అది తెలియక థియేటర్‌లో గంటసేపు తంటాలు పడ్డ రోజులు నాకున్నాయి.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 74. రాడ్ వేసి రెండు నెలలైంది, కర్రతో నడుస్తున్నాను. రెండో తుంటి కూడా విరుగుతుందేమోనని రాత్రిళ్లు భయం. ఆ వైపు కూడా ముందుగానే రాడ్ వేయించుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. భయానికి రాడ్ మందు కాదు, దానికి నిజంగానే మందు ఉంది. నిలబడ్డ ఎత్తు నుంచి పడి తుంటి విరిగిందంటే ఎముక గుల్లబారిందని విడిగా రుజువు అక్కర్లేదు. 2007లో ‘హొరైజన్’ అధ్యయనంలో తుంటి ఆపరేషన్ అయిన 2,127 మందిలో సగం మందికి ఏడాదికొకసారి జోలెడ్రోనిక్ ఆసిడ్ అనే మందు నరంలోకి ఎక్కించారు. మళ్లీ ఎక్కడో ఓ ఎముక విరగడం మందు తీసుకున్నవాళ్లలో 8.6 శాతం, తీసుకోనివాళ్లలో 13.9. మరణాలు 9.6, 13.3. తుంటి విరిగాక ప్రాణం నిలపడంలో ఇంత మేలు చేసినవి తక్కువ. అయినా రాడ్ వేసి, కుట్లు విప్పి, ఈ మందు ఊసెత్తకుండా ఇంటికి పంపేవాళ్లు ఎంతమందో! నాకు చాలా బాధ కలిగించే సంగతి ఇది.

మూత్రపిండాలు బాగా పనిచేస్తుండాలి, విటమిన్ డి, కాల్షియం తక్కువ ఉంటే ముందు అవి నింపాలి. మందు ఎక్కించాక రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు, తగ్గిపోతాయి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా చిన్న దీపం ఉంచండి. నిద్రమాత్ర వేసుకుంటుంటే డాక్టరుతో చెప్పి తగ్గించుకోండి. కళ్లు పరీక్ష చేయించుకోండి. ఆ అధ్యయనంలో మొదటి మోతాదు ఆపరేషన్ అయిన తొంభై రోజుల లోపే ఇచ్చారు. మీకింకా నెల వ్యవధి ఉంది. ఈ వారమే క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), కాల్షియం, విటమిన్ డి పరీక్షలు చేయించుకుని, ఆపరేషన్ తేదీ ఉన్న డిశ్చార్జ్ కాగితం చేతిలో పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.